స్లీవా, బైపాసా? తేల్చాల్సింది ప్యాకేజీ కాదు

ఫిన్లాండ్‌లో మూడు ఆస్పత్రుల సర్జన్లు 2008-10 మధ్య ఒక పని చేశారు. బరువు తగ్గే ఆపరేషన్ కోసం వచ్చినవాళ్లలో 240 మందిని తీసుకుని, ఎవరికి స్లీవ్ (జీర్ణాశయాన్ని కోసి సన్నబరచడం) చేయాలి, ఎవరికి బైపాస్ (పేగు దారి మళ్లించడం) చేయాలి అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. రోగి మోజుకు గానీ సర్జన్ చేతి అలవాటుకు గానీ అక్కడ చోటు లేదు. ఆపరేషన్ చేసి పంపేసి ఊరుకోలేదు కూడా. పదేళ్ల పాటు వెంటపడి బరువు తూచారు, షుగర్ చూశారు, చివర్లో నోట్లోంచి కెమెరా గొట్టం దింపి అన్నవాహిక లోపలి పొర ఎలా ఉందో పరిశీలించారు. ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. పదేళ్ల తర్వాత స్లీవ్ వాళ్లు తమ అదనపు బరువులో 43.5 శాతం, బైపాస్ వాళ్లు 50.7 శాతం తగ్గి ఉన్నారు. అన్నవాహికలో వాపు, ఒరుపులు మాత్రం స్లీవ్ వాళ్లలో 31 శాతం మందిలో కనిపించాయి. బైపాస్ వాళ్లలో 7 శాతం.

ఈ అంకెల్ని కిలోల్లోకి మార్చి చూడాలి. అయిదడుగుల మూడంగుళాల ఎత్తున్న మనిషి 110 కిలోలు ఉన్నారనుకుందాం. ఆ ఎత్తుకు 64 కిలోల దాకా ఉండొచ్చు. మిగతా 46 కిలోలు అదనం. పదేళ్ల తర్వాత స్లీవ్ లెక్కన 20 కిలోలు, బైపాస్ లెక్కన 23 కిలోలు తగ్గినట్టు. తేడా మూడు కిలోలే. కానీ గొంతులోకి పులుపు తన్నుకొచ్చి రాత్రిళ్లు లేచి కూర్చునే మనిషికి 31కీ 7కీ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. ఆపరేషన్ ఎంచుకునేటప్పుడు అందరూ అడిగేది మొదటి తేడా గురించి. అడగాల్సింది రెండోదాని గురించి.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆస్పత్రుల ప్రకటనల్లో కనిపించేది ‘ముందు-తర్వాత’ ఫొటోలు, మూడో రోజుకే డిశ్చార్జి, నెలవారీ వాయిదాలు. చాలామందికి ఏ ఆపరేషన్ చేయాలన్నది వాళ్లు కుర్చీలో కూర్చునేసరికే ఖరారై ఉంటుంది. ఎక్కువసార్లు అది స్లీవ్. ప్రపంచంలోనూ ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది అదే కాబట్టి ఇందులో తప్పేమీ లేదనిపించొచ్చు. కానీ ఎక్కువమందికి సరిపోయింది మనకూ సరిపోతుందనుకోవడంలోనే ప్రమాదం ఉంది. ఈ ఆపరేషన్లలో ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అని లేదు. ఎవరి ఒంట్లో ఏముంది, ఎవరి బతుకు ఎలా నడుస్తోంది అన్నదాన్ని బట్టి ఒకటి కుదురుతుంది, ఒకటి కుదరదు.

ఇది కొద్దిమంది బాధ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. తెలంగాణలో మహిళలు 30.1 శాతం, పురుషులు 32.3 శాతం. దేశ సగటు 24 శాతం దాటలేదు. వీళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. అవసరమైన కొద్దిమందికి మాత్రం అది ప్రాణం నిలబెట్టే చికిత్స. స్వీడన్‌లో 1987లో మొదలై వేలమందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు తగ్గాయని 2007లో తేలింది. బరువు మనిషి బద్ధకానికి శిక్ష అనీ, ఆపరేషన్ అడ్డదారి అనీ మాట్లాడే బంధువులు ఈ సంగతి తెలుసుకుంటే రోగికి సగం భారం అక్కడే దిగుతుంది.

స్లీవ్ ఎలా చేస్తారో దగ్గరగా చూస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లు పెడతారు. నోట్లోంచి చిటికెన వేలంత లావున్న మెత్తని గొట్టాన్ని జీర్ణాశయంలోకి దింపుతారు. ఆ గొట్టాన్ని ఆనుకుని స్టాప్లర్ నడుస్తుంది. ఒక్కసారి నొక్కితే సన్నని టైటానియం పిన్నులు ఆరు వరసలు పడతాయి, వాటి మధ్యలోంచి కత్తి కోసుకుంటూ పోతుంది. అటు మూడు వరసలు, ఇటు మూడు. అలా అయిదారుసార్లు నొక్కేసరికి జీర్ణాశయం రెండు ముక్కలవుతుంది. గొట్టం చుట్టూ అరటిపండు ఆకారంలో సన్నని భాగం లోపల మిగులుతుంది. దాదాపు 80 శాతం జీర్ణాశయాన్ని ఒక గాటులోంచి బయటికి లాగేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో చాలామందికి ఆకలి అన్న మాటే గుర్తుకు రాదు. పేగుల జోలికి వెళ్లరు కాబట్టి ఆపరేషన్ తక్కువ సమయంలో ముగుస్తుంది, పోషకాల లోపమూ కాస్త తక్కువ.

వెడల్పాటి సంచిలా ఉండాల్సిన జీర్ణాశయం సన్నని గొట్టంగా మారితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఆమ్లం పైకి తంతుంది. ముందు నుంచే గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉన్న పొరలోంచి జీర్ణాశయం కొంత పైకి జారినవాళ్లకు స్లీవ్ చేస్తే బరువు దిగుతుందేమో గానీ మంట ముదిరే ప్రమాదం ఉంది. కొందరికి మాత్రలతో అదుపులోకి రాక, మళ్లీ బల్లెక్కి బైపాస్‌గా మార్పించుకోవాల్సి వస్తుంది. తీసేసిన జీర్ణాశయం మళ్లీ రాదు. అందుకే ఆపరేషన్‌కు ముందు ఎండోస్కోపీ తప్పనిసరిగా చేసి తీరాలి. ‘గ్యాస్ ట్రబులేలెండి’ అని రోగే తీసిపారేసే మన ఊళ్లలో ఈ పరీక్ష మరీ అవసరం. ఏళ్ల తరబడి సొంతంగా గ్యాస్ మాత్ర వేసుకుని, అది జబ్బు కిందకే రాదనుకుని డాక్టరుకు చెప్పనివాళ్లు కోకొల్లలు.

బైపాస్ దీనికన్నా పాతది. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ దీనికి ఆద్యుడు. అల్సర్ల కోసం జీర్ణాశయంలో కొంత భాగం తీయించుకున్నవాళ్లు బరువు తగ్గడం గమనించి ఆయన ఈ దారి పట్టారు. ఇప్పుడు చేసే పద్ధతిలో జీర్ణాశయం పైభాగంలో రెండు టేబుల్ స్పూన్లు పట్టేంత చిన్న సంచి చేసి, చిన్నపేగును కొంత కిందకి కోసి, దాన్ని తెచ్చి ఆ సంచికి కుడతారు. తిన్నది పేగు మొదటి భాగాన్ని ముట్టుకోకుండా కిందకి పోతుంది. మిగతా జీర్ణాశయం లోపలే ఉంటుంది, దానిలోకి తిండి మాత్రం పోదు. ఆమ్లం పైకి తన్నే బాధ దీంతో చాలామందికి తగ్గుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఇక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. పేగు దారి మారగానే, బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, కొందరికి రోజుల్లోనే చక్కెర దిగిపోతుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 150 మంది షుగర్ రోగుల మీద చేసిన పరీక్షలో అయిదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 6 శాతం గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నవాళ్లు మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం, స్లీవ్ వాళ్లలో 23 శాతం, బైపాస్ వాళ్లలో 29 శాతం. ఈ అంకెల్ని రెండు వైపుల నుంచీ చదవాలి. మందులతో పోలిస్తే ఆపరేషన్ ఎంతో మెరుగు. అయినా, ఏ ఆపరేషన్‌తోనైనా సగానికన్నా ఎక్కువమంది ఆ గీతను చేరుకోలేదు. పదిహేనేళ్లుగా షుగర్ ఉండి, ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి ‘మందులన్నీ పారేయొచ్చు’ అని మాటిచ్చే డాక్టరు మాటను నమ్మొద్దు. షుగర్ వచ్చి నాలుగైదేళ్లే అయినవాళ్లకు ఆశ ఎక్కువ.

ఇంతవరకూ చదివితే బైపాసే మేలనిపిస్తుంది. అలా అనుకోకుండా ఆపే విషయం ఒకటి మన తెలుగు నేలమీదే ఉంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో. బైపాస్‌లో తిండి తప్పించుకుపోయేది సరిగ్గా ఆ భాగాన్నే. హిమోగ్లోబిన్ ముందే 9 ఉన్న యువతికి నెలసరి కూడా ఎక్కువైతే, బైపాస్ తర్వాత ఐరన్ మాత్రలు మానేసిన ఏడాదికే ఆయాసం, జుట్టు రాలడం, మెట్లెక్కలేకపోవడం మొదలవ్వొచ్చు. మాత్రతో సరిపోక నరంలోంచి ఐరన్ ఎక్కించాల్సిన పరిస్థితి రావొచ్చు. బీ12, క్యాల్షియం, విటమిన్ డిలదీ ఇదే దారి. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లలో బీ12 ముందు నుంచే తక్కువ. స్లీవ్ చేయించుకున్నవాళ్లకూ ఈ మాత్రలు తప్పవు గానీ, బైపాస్‌లో అవి మానేస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. జీవితాంతం అన్న మాటను కౌన్సెలింగ్‌లో గబగబా అనేసి దాటేస్తారు. ఆ మాట దగ్గరే ఆగాలి. పాతికేళ్ల అమ్మాయికి జీవితాంతమంటే యాభై ఏళ్లు. పెళ్లయ్యాక అత్తింట్లో, ఉద్యోగం పోయినప్పుడు, ఊరు మారినప్పుడు ఆ మాత్రలు ఎవరు కొంటారు, ఏటా రక్తపరీక్ష ఎక్కడ చేయిస్తారు?

గర్భం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బరువు తగ్గగానే, ముఖ్యంగా పీసీఓడీ ఉన్నవాళ్లకు, అండం విడుదల సర్దుకుని అనుకోకుండా గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఆగాలన్నది డాక్టర్ల సలహా. పిల్లల కోసమే ఆపరేషన్‌కు వచ్చే జంటలకు ఈ మాట ముందే, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి.

మగవాళ్ల విషయంలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. బైపాస్ తర్వాత మద్యం రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది. అంతకుముందు మామూలుగా తాగేవాళ్లు కూడా వ్యసనంలోకి జారిన ఉదంతాలు అమెరికాలో పెద్ద సంఖ్యలో రోగుల్ని గమనించినప్పుడు బయటపడ్డాయి. సిగరెట్ మానలేనివాళ్లకు పేగును కుట్టిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగేవాళ్లకూ అంతే. అధిక బరువున్నవాళ్లకు మోకాళ్ల నొప్పులు ఎంత మామూలో, చీటీ లేకుండా నొప్పి మాత్రలు దొరకడం మన దగ్గర అంతే మామూలు. ఈ రెండూ తెలిసిన డాక్టరు రోగికి బైపాస్ రాసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఈ మధ్య మినీ బైపాస్ మన దేశంలో బాగా జరుగుతోంది. మామూలు బైపాస్‌లో ఉండే రెండు అతుకుల బదులు ఇందులో ఒకటే ఉంటుంది, తొందరగా అయిపోతుంది, బరువు బాగా తగ్గుతుంది. పేరులో మినీ ఉన్నా ఒంటి మీద దాని ప్రభావం చిన్నదేమీ కాదు. ఫ్రాన్స్‌లో 253 మందిని తీసుకుని మామూలు బైపాస్‌తో పోల్చి చూసిన ఫలితాలు 2019లో వచ్చాయి. రెండేళ్లలో తగ్గిన బరువు దాదాపు సమానం. తీవ్రమైన ఇబ్బందులు మాత్రం మామూలు బైపాస్‌లో 24 అయితే మినీలో 42. పోషకాహార లోపం వల్ల వచ్చిన తొమ్మిది కేసులూ మినీ వైపే. ఆ పరీక్షలో పేగును రెండు మీటర్ల పొడవున తప్పించారు. అందుకే, ఎంత పొడవు తప్పిస్తున్నారన్నది ఈ ఆపరేషన్‌లో రోగి తప్పకుండా అడిగి తెలుసుకోవాల్సిన అంకె. అన్నం, చారు, పచ్చడి ప్రధానంగా తినే ఇంట్లో రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తినడమే గగనం. అది ఒంటికి పట్టే దారి కూడా తగ్గించేస్తే కాళ్ల వాపులు, కండ కరగడం చూడాల్సి వస్తుంది. పేగును ఇంకా ఎక్కువ దూరం తప్పించే డ్యుయోడినల్ స్విచ్ లాంటివి మరీ భారీకాయులకు, అదీ బాగా చేయి తిరిగిన సర్జన్లున్నచోట మాత్రమే. బెలూన్ అసలు ఆపరేషనే కాదు. సాధారణంగా ఆరు నెలలకు తీసేస్తారు, తీశాక బరువు వెనక్కి రావడం మామూలే.

ప్రకటనలను నమ్మి ఆపరేషన్ ఎంచుకుంటే ఏమవుతుందో అమెరికా ఇప్పటికే చూసింది. జీర్ణాశయం పైభాగాన సిలికాన్ పట్టీ బిగించే ల్యాప్ బ్యాండ్‌కు అక్కడి ఎఫ్‌డీఏ 2001లో అనుమతిచ్చింది. కోత లేదు, కావాలంటే తీసేయొచ్చు అనే మాట జనాన్ని లాగింది. దక్షిణ కాలిఫోర్నియాలో రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. ఆ ప్రకటనల్లో ప్రమాదాల గురించి సరిగా చెప్పడం లేదంటూ 2011 డిసెంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపింది. ఆ ఏడాది అమెరికాలో జరిగిన బరువు ఆపరేషన్లలో మూడో వంతుకు పైగా బ్యాండ్లే. 2019 నాటికి అవి ఒక శాతం కూడా లేవు. పట్టీ జారడం, అరుగుడుపడి లోపలికి దిగడం, బరువు తగ్గకపోవడం వల్ల చాలామంది మళ్లీ ఆపరేషన్ చేయించుకుని దాన్ని తీయించుకున్నారు. ఒక దశాబ్దం పాటు వెలిగిన ఆపరేషన్ మరుసటి దశాబ్దంలో కనుమరుగైంది. పదేళ్ల ఫలితాలు అడగకుండా కొత్త పేరు వెంట పడకూడదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. 2025లో మౌంజారో, ఆ తర్వాత వెగోవీ మన మార్కెట్లోకి దిగాయి. మౌంజారోలోని మందు టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదుతో 72 వారాల్లో సగటున 20 శాతం దాకా బరువు తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. ఆపరేషన్ అంచున నిలబడ్డ కొందరికి ఇవి నిజమైన ప్రత్యామ్నాయం, అలా చెప్పని సర్జన్ సగమే చెప్పినట్టు. అయితే వెగోవీలోని మందు సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందన్నదీ పరీక్షల్లో తేలిందే. నెలనెలా ఖర్చు ఎన్నేళ్లు భరించగలరో లెక్కేసుకున్నాకే దీన్నీ ఆపరేషన్‌నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆపరేషన్ ఎవరికి చేయాలన్న గీత కూడా మారింది. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆసియా వాసుల విషయంలో బీఎంఐ 27.5 నుంచే ఆపరేషన్‌ను పరిశీలించవచ్చు. మన బీమా నియంత్రణ సంస్థ నిబంధన ప్రకారం మాత్రం బీఎంఐ కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా, అదుపు తప్పిన షుగర్ లాంటివి ఉండాలి. అయిదడుగుల మూడంగుళాల మనిషికి 27.5 అంటే 70 కిలోలు, 35 అంటే దాదాపు 90 కిలోలు. ఈ ఇరవై కిలోల మధ్యలో ఇరుక్కున్న షుగర్ రోగులు అప్పు చేసి ఆస్పత్రికి వస్తారు. అప్పు చేసి వచ్చినవాళ్లు చౌక ప్యాకేజీ వెతుక్కుంటారు, చౌకగా దొరికిన ఆపరేషనే చేయించుకుంటారు. బీమా గీతను వైద్యం గీతకు దగ్గరగా తేవడం నియంత్రణ సంస్థ చేయాల్సిన పని, చేయించాల్సింది ప్రభుత్వాలు.

మంచి కేంద్రాల్లో ఈ ఆపరేషన్ల వల్ల ప్రాణాపాయం చాలా అరుదు. కానీ ఆ అరుదైనది జరిగిన క్షణాన పక్కన ఏముందన్నదే ప్రాణాన్ని నిలబెడుతుంది. 2024 ఏప్రిల్‌లో చెన్నై శివారు పమ్మల్‌లోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బరువు తగ్గే ఆపరేషన్‌కు బల్లెక్కిన పుదుచ్చేరి యువకుడు చనిపోయాడు. తమిళనాడు ఆరోగ్యశాఖ విచారణ జరిపి ఆ ఆస్పత్రి అనుమతిని తాత్కాలికంగా నిలిపేసింది. తక్కువ ధర చూసి వెళ్లే ప్రతి కుటుంబానికీ ఈ ఉదంతం తెలియాలి. పిన్నుల వరస లీకయితే అర్ధరాత్రి ఎవరొస్తారు, ఐసీయూ ఉందా, భారీకాయులకు మత్తిచ్చిన అనుభవమున్న అనస్తీషియా డాక్టరు ఉన్నారా అన్నవి ధర కన్నా ముందు అడగాల్సినవి.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ ఈ ఆపరేషన్లు చేసే ప్రతి ఆస్పత్రి నుంచీ ఏటా లెక్కలు తీసుకోవాలి: ఏ రకం ఎన్ని చేశారు, ఎంతమందికి మళ్లీ ఆపరేషన్ అవసరమైంది, అయిదేళ్ల తర్వాత ఎంతమంది పరీక్షలకు వస్తున్నారు. ఆ లెక్కలు జనానికి కనపడేలా పెట్టాలి. 240 మందితో మొదలుపెట్టి పదేళ్ల పాటు వెంటపడి చూసుకోవడం ఫిన్లాండ్‌కు చేతనైంది, మనకు చేతకాకపోవడానికి కారణం లేదు.

అంతవరకూ ఆగలేనివాళ్లు చేయగలిగింది ఒకటుంది. సర్జన్ ఎదురుగా కూర్చున్నప్పుడు ‘డాక్టరుగారూ, నాకు ఇదే ఎందుకు? ఆ రెండోది నాకు ఎందుకు వద్దు?’ అని అడగండి. మీ గుండెల్లో మంట, మీ షుగర్ ఎన్నేళ్లది, మీ హిమోగ్లోబిన్ ఎంత, మీరు వేసుకునే నొప్పి మాత్రలేమిటి అన్నవి ఆయన జవాబులో లేకపోతే ఆ జవాబు మీ గురించి కాదు. అలాంటప్పుడు ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఎండోస్కోపీ రిపోర్టు చేతికి రాకముందు మాత్రం అడ్వాన్సు కట్టకండి.